గట్టు అవతల ఊట

గవర్రాజు దగ్గుకి కొమ్మాలమెట్ట కాలనీలో పెద్ద పేరు. గట్టెక్కే ముందు ఒకసారి, గట్టు మధ్యకొచ్చాక ఒకసారి, అవతలి కొసన దిగబోయే ముందు మరోసారి దగ్గేవాడు. మామూలు దగ్గు కాదు, చెట్ల మీది కాకులు లేచిపోయేటంత దగ్గు. కాలనీ డిస్పెన్సరీకి కొత్తగా వచ్చిన నర్సు కృపావతమ్మ అది విని జాలిపడి, ఒకనాడు పిలిచి మందు సీసా చేతిలో పెట్టింది. నాకు జబ్బేమీ లేదమ్మా అని చెప్పడానికి మొహమాటపడి గవర్రాజు ఆ సీసా నాలుగు రోజుల్లో ఖాళీ చేశాడు. అయిదో రోజు మళ్ళీ యథాప్రకారం దగ్గాడు.

ఆ దగ్గు అతని ఉద్యోగంలో భాగం. అదెలాగో తెలియాలంటే ముందు ఆ గట్టు సంగతి చెప్పాలి.

దువ్వాడ స్టేషన్లో దిగి కొండల వైపు మూడు మైళ్ళు వెళితే కొమ్మాలమెట్ట డ్యామ్ వస్తుంది. డ్యామ్ అని పేరు గొప్పే గానీ, రెండు కొండల మధ్య అడ్డంగా పోసిన ఎర్రమట్టి గట్టు అది. ఎత్తు పాతిక అడుగులు, పొడవు మూడొందల గజాలు. ఎప్పుడో జనపమిల్లు దొర ఒకడు కట్టించాడు. మిల్లు పోయింది, దొర పోయాడు, గట్టు మిగిలింది. తర్వాత కరెంటు వైర్లు చేసే కంపెనీ ఒకటి ఆ చుట్టుపక్కల నేలంతా కొని కాలనీ కట్టుకుంది. కాలనీవాళ్ళు చెరువులో రెండు పడవలు వేసి, ఒడ్డున సిమెంటు బల్లలు కట్టి, క్లబ్బు అని బోర్డు పెట్టారు. ఆదివారం వస్తే అక్కడ పిల్లలూ, టిఫిన్ క్యారియర్లూ, ట్రాన్సిస్టర్లూ. గవర్రాజు ఆ గట్టుకి లస్కరు. గట్టు అడుగు తూముని మదుము అంటారు. దాని చక్రం తిప్పి నీళ్ళు వదలడం, మళ్ళీ మూసెయ్యడం, గట్టు మీద మొలిచిన తుప్పలు కొట్టడం, గేదెల్ని తోలడం అతని పని. గట్టు కొసన ఉండడానికి ఒక గది కూడా ఇచ్చారు.

ఇదంతా నీళ్ళున్న వైపు. గట్టుకి రెండో వైపు ఒకటుంది. అటు కాలనీవాళ్ళెవరూ చూడరు. కింద నలభై పాకలు. స్టీల్ ప్లాంటు కడుతున్న చోటికి మట్టి మోయడానికీ, రాయి కొట్టడానికీ, తాపీపనికీ వెళ్ళేవాళ్ళ పాకలవి. నలభై పాకలకీ కలిపి ఒక్క మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళు రైలు పట్టాల వైపు పోతారు. ఆడవాళ్ళకి గట్టు కింది తుమ్మతుప్పలే దిక్కు. గట్టు మీద మగవాడు కనిపించాడంటే వాళ్ళంతా ఉన్నపళంగా లేచి, కొంగు మొహం మీదికి లాక్కుని, వాడు దాటిపోయేదాకా నిలబడి ఉండాలి. అందుకే ఆ దగ్గు. వస్తున్నాను, సర్దుకోండి అని చెప్పడం. దగ్గి, గట్టెక్కి, మొహం నీళ్ళ వైపు పెట్టుకుని నడవడం. పదకొండేళ్ళలో గవర్రాజు ఒక్కనాడు అటు తల తిప్పలేదు.

మిట్టమధ్యాహ్నం ఎవరూ ఉండరు కదా, అప్పుడు దిగి చూడొచ్చు కదా అని మీరనొచ్చు. ఏ వేళప్పుడైనా ఆ తుప్పల్లో మగవాడు కనిపిస్తే వాడి పని అయిపోయినట్టే. ఈ కథ జరగడానికి ముందటేడు దారి తప్పి దిగిన ఐసుఫ్రూటు వాణ్ణి ఆడవాళ్ళు చెప్పులతో సాగనంపారు. గవర్రాజు మర్యాదస్తుడు. ఈ కథలో తప్పంటూ ఉంటే అది ఆ మర్యాదదే.

నెలకోసారి ఒకటో తారీఖున ఇంజనీరు నరసింహమూర్తి గారు రిజిస్టరు పట్టుకుని వచ్చేవారు. ఆయనే క్లబ్బుకి సెక్రటరీ కూడా. ముందు గవర్రాజు దగ్గేవాడు, వెనకాల ఆయనా ఓసారి దగ్గేవారు. ఇద్దరూ చెరువు చూసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచేవారు. ఆ కొసన ఆయన రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని గట్టు బాగుంది, రాతికట్టు బాగుంది, మదుము బాగుంది అని రాసేవారు. గవర్రాజు కింద సంతకం పెట్టేవాడు. గట్టుకి రెండు వైపులుంటాయని ఇద్దరిలో ఎవరికీ తెలియక కాదు.

నరసింహమూర్తి గారు చెడ్డవారేమీ కాదు. అమలాపురం మనిషి. కాలవల మధ్య పుట్టి పెరిగి, ఈ దుమ్మూ పొగా ఊరికొచ్చి పడ్డవారికి నీళ్ళు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఎనభై నాలుగు కార్తీకంలో ఆయనకో సరదా పుట్టింది. చెరువు అవతలి ఒడ్డున ఉసిరిచెట్లున్నాయి. కాలనీ అంతటినీ పడవల మీద అక్కడికి చేర్చి వనభోజనాలు పెట్టించాలనుకున్నారు. కాకినాడ నుంచి కొత్త మోటారు పడవ వచ్చింది. అది తిరగాలంటే నీళ్ళు ఇంకాస్త లోతుండాలి. అందుకని, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు మీద రెండు వరసలు ఇసక బస్తాలు పేర్పించారు. ఆదివారం జనరల్ మేనేజరు గారి కుటుంబం కూడా వస్తోంది కాబట్టి అప్పటిదాకా మదుము ముట్టుకోవద్దన్నారు.

"వానలు పడతన్నాయి బాబూ. రెండు సుట్లు తిప్పి కాసిన్ని వదిలెయ్యమంటారా?" అని గవర్రాజు అడిగాడు.

"ఒక్క చుక్క వదిలినా ఊరుకోనయ్యోయ్" అని ఆయన నవ్వారు. గవర్రాజూ నవ్వాడు.

ఇది సోమవారం మాట. మంగళవారం మధ్యాహ్నం గవర్రాజు భార్య మంగాయమ్మ అన్నం వడ్డిస్తూ, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా ఒక మాట అంది.

"ఆ ఊట నీళ్ళు పాడైపోనాయి. ఎర్రగా వత్తన్నాయి. సెంబు నిండా బురదే."

"ఏ ఊట?"

"అదే, గట్టు కిందది."

గవర్రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గట్టు కింద ఊటేటి?"

"రెండేళ్ళ నుంచీ ఉన్నాది. తుమ్మతుప్పల కాడ. సన్నగా, తేటగా వచ్చీది. దారకి ఒక రేకుముక్క ఎట్టుకున్నాం. ఇంటికాడ్నుంచి సెంబు మోసుకెళ్ళే బాధ తప్పింది ఆడోళ్ళకి."

"రెండేళ్ళ నుంచి గట్టు కారతంటే నాకు సెప్పలేదేటే?"

మంగాయమ్మ గరిటె కింద పెట్టింది. "నీకేటని సెప్పాల? దొడ్డికెళ్ళిన కాడి కబుర్లు మొగుడికి సెప్తారేటి ఎవులైనా? నువ్వు దగ్గీసరికి మేం లేసి నిలబడాల. నువ్వేమో మొగం తిప్పుకుని పోతావు. కింద ఏటున్నాదని ఒక్కనాడైనా అడిగినావా?"

అడగలేదు. గవర్రాజు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

అతనికి ముందు ఆ గట్టుకి సన్యాసిరాజు అనే ముసలాయన లస్కరుగా ఉండేవాడు. పని అప్పజెప్పి వెళుతూ ఆయన గవర్రాజుకి ఒక సంగతి రెండుసార్లు చెప్పాడు. ఏ మట్టిగట్టయినా కాస్త చెమరుస్తుంది, తేటనీరు వస్తే భయపడొద్దు. ఆ నీటిలో మట్టి కనిపించిందంటే మాత్రం గట్టు లోపల్నుంచి కరిగిపోతున్నట్టు, అప్పుడు ఎవర్నీ అడక్కుండా చెరువు ఖాళీ చెయ్యి. గవర్రాజు పదకొండేళ్ళూ ఆ మాట మర్చిపోలేదు. చూడాల్సిన చోట చూడలేదు, అంతే.

కృపావతమ్మ ఇచ్చిన మందు సీసా అతనికి గుర్తొచ్చింది. అది కడిగి మంగాయమ్మకిచ్చి, ఊట నీళ్ళు పట్టుకు రమ్మన్నాడు. ఆమె తెచ్చిన సీసా కిటికీలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. మందు ఎంత తాగాలో తెలియడానికి సీసాకి గాట్లు పెట్టిన కాగితం ఒకటి అంటించి ఉంది. సాయంత్రమయ్యేసరికి పైన నీళ్ళు తేరుకున్నాయి. అడుగున ఒక మోతాదు గీత దాకా ఎర్రమట్టి పేరుకుంది.  గట్టు కింద అయిదో పాక అతని కూతురు చిట్టెమ్మది.

సీసా తుండుగుడ్డలో చుట్టుకుని క్లబ్బుకి పరిగెత్తాడు. నరసింహమూర్తి గారు కొత్త పడవకి పేరు రాయిస్తున్నారు.

"ఏవిటయ్యా అది, దగ్గు మందా?"

"కాదు బాబూ, గట్టు కింద నీళ్ళు. మట్టి వత్తంది సూడండి."

ఆయన సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. "ఎక్కడివి?"

"అటేపు. కింద... తుమ్మతుప్పల కాడ."

"నువ్వు చూశావా?"

"నేదండి. మా ఆడది సూసింది."

పడవ దగ్గరున్న నలుగురూ కిసుక్కుమన్నారు. నరసింహమూర్తి గారి మొహం ఎర్రబడింది. ఆ చోటు పేరు నలుగురి ముందూ ఎత్తడం ఆయనకి ఇబ్బందిగా ఉంది. "వానాకాలంలో ఎర్రనేల మీద పారే నీళ్ళు ఎర్రగా కాక పాలల్లే ఉంటాయా? నన్నిప్పుడు ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి చూడమంటావా? తన్ని తగలేస్తారు. ఆదివారం కానీ, సోమవారం తాపీగా చూద్దాం."

"సోమారం దాకా ఆగుద్దో నేదో బాబూ."

"గవర్రాజూ, నీకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది" అన్నారాయన, గొంతు తగ్గించి. "ఆదివారంలోగా ఆ చక్రం తిప్పావంటే ఉద్యోగమూ ఉండదు, ఆ గదీ ఉండదు. ఇది నా మాట కాదు, పైవాళ్ళ మాట."

గవర్రాజు సీసా మళ్ళీ తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. దారి పొడుగునా తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. చదువుకున్న మనిషి, ఆయనకి తెలియదా? ఇంటికొచ్చి కిటికీలో సీసా పెట్టేసరికి ఆ ధైర్యం కాస్తా పోయింది.

బుధవారం సీసాలో మట్టి గీత దాటింది. గురువారం రెండు మోతాదులయింది. వాన ఆగి ఆగి పడుతోంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారు. గవర్రాజు గట్టు మీద ఆ కొసకీ ఈ కొసకీ తిరిగాడు. చెరువు నిండుగా, నున్నగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంది. అలుగు మీది బస్తాలకి జానెడు కిందుగా నీళ్ళు ఆగి ఉన్నాయి. కాలి కింద నేల మెత్తబడిందేమో అనిపించి ఆగి తొక్కి చూసేవాడు. గట్టిగానే ఉండేది. నాలుగడుగులు వేశాక మళ్ళీ అదే అనుమానం. పడుకుంటే చెవి నేలకి ఆనించుకునేవాడు. మంగాయమ్మ తిట్టేది.

గురువారం సాయంత్రం రైలు పట్టాల మీదుగా చుట్టూ తిరిగి చిట్టెమ్మ పాకకి వెళ్ళాడు. అల్లుడు అబ్బులు తాపీపని నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. రెండేళ్ళ మనవరాలు తాత జేబులో బెల్లం కోసం వెతుకుతోంది.

"పిల్లని తీసుకుని మా గదికి వచ్చీండి. నాలుగు దినాలు ఆడ ఉందురు గాని" అన్నాడు గవర్రాజు.

అబ్బులు పకపకా నవ్వాడు. "ఇంజినీరుకి నేని భయం నీకేటి మావా? నాను ఇక్కడ్నించి లేసినానంటే తెల్లారీసరికి ఈ జాగాలో ఇంకోడు గుంజలు పాతీడా? దీని కోసం మేస్త్రీ కాళ్ళు ఎన్నిసార్లు పట్టుకున్నానో నీకు తెల్దేటి?"

"గట్టు పోతే జాగా ఉంటాదేట్రా?"

"గట్టు ఎందుకు పోద్ది? మా తాతల నాటి నుంచీ ఉన్నాది."

 చిట్టెమ్మ తండ్రి మొహంలోకి చూసింది. గుమ్మం దాకా వచ్చి, "అయ్యా, నువ్వు ఒకసారి వచ్చి సూడు. నాను అందర్నీ పక్కకి ఉండమంటాను" అని మెల్లిగా అంది.

శుక్రవారం మధ్యాహ్నం మంగాయమ్మ ముందు, గవర్రాజు వెనక దిగారు. పాకల్లోని ఆడవాళ్ళు పది పన్నెండు మంది తుప్పల బయట వరసగా నిలబడ్డారు. ఎవరో ముసలమ్మ, "మొగోడికి ఇక్కడ పనేటి, సిగ్గునేదా?" అని కేకేసింది. చిట్టెమ్మ ఆమె నోరు మూయించింది. యాభై ఆరేళ్ళ గవర్రాజు పెళ్ళిపీటల మీద కూడా అంత సిగ్గుపడి ఉండడు. తల వంచుకుని, భార్య మడమలు చూసుకుంటూ నడిచాడు.

ఊట దగ్గర సిగ్గు పోయింది. రేకుముక్క కొట్టుకుపోయి పక్కన పడి ఉంది. అది పెట్టిన చోట కుండమూతంత కన్నం. అందులోంచి ఎర్రటి నీరు బుసబుసా పొంగుతోంది. కన్నం చుట్టూ మెత్తటి మట్టి చీమలపుట్టలా గుండ్రంగా పేరుకుంది. గవర్రాజు కూర్చుని చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా వెళ్ళింది. లోపల మట్టి వేళ్ళకి తగిలి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి నీటితోబాటు బయటికి వచ్చేసింది.

"దసరాకి నా బొటనేలంత ఉండీది" అంది మంగాయమ్మ. 

గవర్రాజు తలెత్తి చూశాడు. పదకొండేళ్ళు పైనుంచి తిరిగిన గట్టుని దాని అడుగున కూర్చుని చూడడం అదే మొదలు. అంత ఎత్తుంటుందని అతను అనుకోలేదు. దాని వెనక ఎన్ని నీళ్ళున్నాయో అతనికి తెలుసు. ఇటు తిరిగితే పాకలు, ఆరేసిన గుడ్డలు, ఉయ్యాల్లో ఎవరిదో పిల్ల.  ఉద్యోగం సంగతీ, గది సంగతీ ఆ క్షణంలో అతనికి గుర్తులేవు. లేచి గట్టు పైకి పరుగందుకున్నాడు.

మదుము చక్రం ఆషాఢం తర్వాత తిరగలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. గవర్రాజు దానికి వేలాడాడు. అది కదల్లేదు. మంగాయమ్మ వచ్చి పట్టింది, కదల్లేదు. చిట్టెమ్మ పాకలోంచి గునపం తెచ్చి చక్రం ఊచల్లో దూర్చింది. ముగ్గురూ ఒక్క పట్టున నొక్కితే కీచుమని అరిచి ఒక చుట్టు తిరిగింది. తర్వాత రెండు. కింద మదుములోంచి నీళ్ళు దడదడమంటూ పాత మిల్లు కాలవలో పడి, పాకలకి దూరంగా, గెడ్డవాగు వైపు ఉరికాయి. సిగ్గునేదా అని కేకేసిన ముసలమ్మే ముందు నడిచి ఆడవాళ్ళని అలుగు మీదికి తీసుకుపోయింది. ఇసక బస్తాలు ఒక్కొక్కటే లాగి పారేశారు. అలుగు కూడా పొర్లింది.

ఆ హోరు కాలనీ దాకా వినిపించింది. నరసింహమూర్తి గారు స్కూటరు మీద వచ్చారు. స్టాండు కూడా వెయ్యకుండా దాన్ని పడేసి గట్టు మీదికి పరిగెత్తుకొచ్చారు.

"మూసెయ్! గవర్రాజూ, మూసెయ్యి ముందు! ఎల్లుండి మేనేజరు గారొస్తున్నారు, నీకు మతి పోయిందా?"

గవర్రాజు ఆయన వైపు చూశాడు. చేతులు జోడించాడు కూడా. తర్వాత చక్రానికున్న మేకు ఊడబీకి, చక్రం ఎత్తి, బలమంతా పెట్టి చెరువులోకి విసిరేశాడు. అది లేకుండా మదుము మూసే ఉపాయం లేదు. చక్రం మునిగాక నీటిమీద సుడులు చూసి గానీ తానేం చేశాడో అతనికి తెలియలేదు.

శుక్రవారం, శనివారం నీళ్ళు పోతూనే ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం రేడియోలో వాయుగుండం ఒరిస్సా వైపు మళ్ళిందని చెప్పారు. ఆదివారం తెల్లారేసరికి ఆకాశంలో మబ్బుతునక లేదు. కార్తీకపు ఎండ పెళపెళ కాసింది. చెరువు నడుమ బురద, ఆ బురదలో ఒక పక్కకి ఒరిగి కొత్త పడవ. గట్టు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

వనభోజనాలు కాలనీ స్కూలు ఆవరణలో బాదంచెట్టు కింద జరిగాయి. మేనేజరు గారి భార్య ఉసిరిచెట్లు ఎక్కడని అడిగిందట. పిల్లలు పడవ కోసం ఏడ్చారట. లస్కరుకి పిచ్చెక్కిందని కొందరు, తాగాడని కొందరు. పాకలవాళ్ళకి మటుకు పండగే. బురదలో దిగి బుట్టలకి బుట్టలు కొర్రమీనలు పట్టారు. అబ్బులు ఒక గిన్నె పులుసు పట్టుకొచ్చి, "మావా, గట్టు పడకపోయినా సేపలు పడ్డాయి" అని నవ్వాడు. గవర్రాజు ముట్టుకోలేదు.

ఆ రోజంతా అతను గుమ్మంలో కూర్చుని ఎండని చూశాడు. ఊట ఆగిపోయిందని మంగాయమ్మ చెప్పింది. చెరువులో నీళ్ళు లేకపోతే ఆగదా మరి? అది నిజంగా కూలేదేనా? లేక నాలుగేళ్ళు అలాగే కారుతూ ఉండేదా? ఇంజనీరు గారు చెప్పినట్టు వానకి కొట్టుకొచ్చిన మట్టేనేమో. ఈ వయసులో ఉద్యోగం పోగొట్టుకుని ఎక్కడికి పోవాలి? ఎవరు పెడతారు? అసలు ఆ గట్టు కాస్తా పడిపోయి ఉంటే అందరికీ తెలిసేది కదా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించగానే మనవరాలు కళ్ళ ముందు మెదిలి, తన మీద తనకే అసహ్యం వేసి, చెంపలు వాయించుకున్నాడు.

సోమవారం పదింటికి నరసింహమూర్తి గారు వచ్చారు. ఇస్త్రీ ప్యాంటు, చొక్కా జేబులో టైపు కొట్టిన కాగితం. కూర్చోమంటే కూర్చోలేదు.

"వారం రోజుల్లో గది ఖాళీ చెయ్యాలి. నేను చెప్పాల్సింది చెప్పాను, పైవాళ్ళు వినలేదు. ఇందులో సంతకం పెట్టు."

"పెడతాను బాబూ. అంతకు ముందు ఒకసారి సెరువులోకి దిగి సూడండి. నీళ్ళు నేవు కదా. అటేపు ఎల్లమని నానడగను. మన ఏపే."

ఆయనకి ఇష్టం లేదు. అయినా గవర్రాజు మొహం చూసి కాదనలేకపోయారు. గట్టు లోపలి వాలుకి పరిచిన రాళ్ళ మీంచి ఇద్దరూ దిగారు. పైన బురద ఎండి పెచ్చులు లేచింది. గట్టు నడుమకి వచ్చేసరికి ఒకచోట రాళ్ళు చేటంత మేర కుంగి ఉన్నాయి. గవర్రాజు రెండు రాళ్ళు లాగాడు. వాటి కింద నల్లగా కన్నం.

"పీతకన్నం" అన్నారు నరసింహమూర్తి గారు. "ఏ గట్టుకి లేవయ్యా ఇవి?"

గవర్రాజు బోర్లా పడుకుని చెయ్యి పెట్టాడు. భుజం దాకా వెళ్ళింది. అడుగు తగల్లేదు. చెయ్యి తీసి, లోపల ఏమైనా కనిపిస్తుందేమోనని మొహం దగ్గరగా పెట్టాడు. చీకటి. చల్లటి గాలి చెంపకి తగిలింది. ఆ గాలితో మాటలు వచ్చాయి.

"...మా అయ్య మన నీళ్ళు కూడా పట్టుకుపోనాడు. ఇంక ఇంటికాడ్నుంచి మోసుకోవాల్సిందే."

ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. గవర్రాజు ఉలిక్కిపడి తలెత్తాడు. గట్టు మీద ఎవరూ లేరు. చెరువులో తామిద్దరే. మళ్ళీ చెవి ఆనించాడు. చిట్టెమ్మ గొంతే. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. పిల్ల ఏదో అడుగుతోంది, ఆమె కసురుతోంది.

"బాబూ, ఇలగ రండి" అన్నాడు. 

నరసింహమూర్తి గారు ముందు వంగారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నారు. తర్వాత చెవి కన్నానికి ఆనించారు.

"ఎవరయ్యా మాట్లాడేది?"

"మా సిట్టెమ్మండి."

"ఎక్కడుందీ?"

"అవతల. ఊట కాడ."

ఆయన చటుక్కున తలెత్తి గట్టు శిఖరం వైపు చూశారు. వాలు ఎక్కి, పైన దారి దాటి, అటు దిగితే ఎంత దూరమో ఆయనకి తెలుసు. ఎనభై అడుగుల మట్టి. మళ్ళీ చెవి పెట్టారు. లోపల పసిపిల్ల గొంతు, బెల్లం కావాలని, ఒక్కో మాటా విడివిడిగా వినిపిస్తోంది.  ఈ గట్టు ఎన్నాళ్ళు నిలిచేదని గవర్రాజుని అడగలేదు. నిన్న ఆదివారం మేనేజరు గారి పిల్లల్ని మోటారు పడవ ఎక్కించాల్సింది ఈ కన్నం మీద నిలిచిన నీళ్ళలోనే.

గవర్రాజు కన్నం దగ్గర నోరు పెట్టి, "సిట్టీ" అన్నాడు.

అవతల నవ్వులు ఆగిపోయాయి.

"అయ్యా?" అంది చిట్టెమ్మ. "ఏడున్నావు? గొంతు ఇంత దగ్గరికి వత్తంది, అగుపడవేటి?"

 ఆ గొంతు అంత దగ్గరగా వినపడటమే గవర్రాజు ప్రాణం తోడేసింది. మొహం మట్టికి ఆనించుకుని గొల్లుమన్నాడు. నరసింహమూర్తి గారు అతన్ని ఊరుకోమనలేదు.  చేతులు బురదలో ఊనుకుని కన్నం మీదికి వంగారు.

"అమ్మా, నేను ఇంజనీరుని" అన్నారు. "గట్టు లోపల డొల్లయిపోయింది. నువ్వు ముందు పిల్లనెత్తుకుని ఆ గట్టు కింద నుంచి దూరంగా వెళ్ళమ్మా. అందర్నీ తీసుకెళ్ళు. నేను వస్తున్నాను."